మంచు కురిసే ఊళ్లో సల్కాటా తాబేలును పెంచడం ఎలా?

మినియాపొలిస్, షికాగో, టొరంటో లాంటి చలి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎవరైనా సల్కాటా పిల్లను చూసి ముచ్చటపడితే, ఇంటికి తెచ్చుకునే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లకైతే ఇవి మరీ అవసరం. ఇది ఆఫ్రికా జీవి. సహారా ఎడారికి దక్షిణపు అంచున, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా పరుచుకున్న సాహెల్ మెట్టల్లో పుట్టింది. గాలాపాగోస్, అల్డాబ్రా దీవుల తాబేళ్ల తర్వాత ప్రపంచంలో అంత పెద్ద మెట్ట తాబేలు ఇదే. మగది 45 కిలోలు దాటడం మామూలు విషయం. బతికితే డెబ్బై ఏళ్లు బతుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, దీనికి చలికాలపు నిద్ర లేదు. రష్యన్ తాబేలు, గ్రీకు తాబేలు లాంటివి చలి రాగానే మట్టిలో దూరి, ఒంట్లో పనులన్నీ మందగించి, వసంతం దాకా అలాగే పడి ఉండగలవు. సల్కాటా శరీరానికి ఆ విద్య తెలియదు. చలి తగిలితే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అందుకే చలి దేశంలో సల్కాటాను పెంచడమంటే దానికొక వెచ్చటి గది కట్టి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ గదిని ఒక్క రాత్రి కూడా చల్లబడనివ్వకపోవడం. మిగతావన్నీ దాని తర్వాతే.

మొదటి అడుగు: తెచ్చుకోవాలా వద్దా

అమెరికాలో డిప్ప పొడవు నాలుగు అంగుళాల లోపు ఉన్న తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మడం 1975 నుంచి నిషేధం. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా తెచ్చుకోవడమే అందుకు కారణం. అయినా ఇంకా చిన్న తాబేలు పిల్లలు అమ్మకానికి దొరుకుతూనే ఉంటాయి. అలాంటి పిల్ల మంచి తిండి, మంచి వెచ్చదనం దొరికితే పదేళ్లు తిరిగేసరికి ఇద్దరు మనుషులు కలిసి ఎత్తాల్సినంత బరువు పెరుగుతుంది. అప్పుడు సాకలేక వదిలించుకునేవాళ్లు చాలామంది కాబట్టి, తాబేళ్లను చేరదీసే సంస్థల దగ్గర పెద్ద సల్కాటాలు ఇల్లు కోసం ఎదురుచూస్తుంటాయి. నిజంగా పెంచాలనే ఉంటే నా సలహా ఒకటే: కొత్త పిల్లను కొనకండి, అలా మిగిలిపోయిన పెద్దదాన్ని దత్తత తీసుకోండి. దాని సైజు, స్వభావం, ఆరోగ్యం ముందే తెలుస్తాయి. ఒక ప్రాణికి నీడ దొరుకుతుంది.

అద్దె ఇల్లయితే యజమానిని, సొంత ఇల్లయితే కాలనీ అసోసియేషన్‌ను, ఊరి మునిసిపాలిటీని ముందే అడగాలి. సరీసృపాలకు వైద్యం చేసే వెటర్నరీ డాక్టరు ఎంత దూరంలో ఉన్నారో కూడా ఇప్పుడే చూసుకోవాలి. కుక్కలకు, పిల్లులకు చూసే డాక్టర్లందరూ తాబేలుకు చూడరు. ఏఆర్ఏవీ అనే సరీసృప వైద్యుల సంఘం వెబ్‌సైటులో ఊరివారీ జాబితా ఉంటుంది.

ఇండియాలో ఉన్న మన చుట్టాలు ఇది విని తామూ ఒక నక్షత్ర తాబేలును పెంచుకుందామనుకుంటే వద్దని చెప్పండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

రెండో అడుగు: గది

అడవిలో సల్కాటా తన గదిని తానే తవ్వుకుంటుంది. సాహెల్ నేలలో మీటర్ల లోతుకు బొరియ చేసి, మధ్యాహ్నపు ఎండ నుంచీ రాత్రి చలి నుంచీ అందులో తలదాచుకుంటుంది. మీ పెరట్లోనూ అదే పని చేయబోతుంది. కానీ మిన్నెసోటాలో ఇంటి పునాదులు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు తవ్వాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. నేల గడ్డకట్టేది అంత లోతుకు మరి. సాహెల్‌లో ప్రాణం కాపాడే బొరియ ఇక్కడ ప్రాణం తీస్తుంది. పైగా లోపలికి దూరిన యాభై కిలోల జంతువును బయటికి లాగడం మనవల్ల కాదు. పెరట్లో గొయ్యి తవ్వడం మొదలుపెడితే అక్కడ మందమైన పలకలు పరిచి ఆపేయాలి.

గ్యారేజీలో సగం, నేలమట్టంలో ఉన్న అదనపు గది, ఇంటికి ఆనుకుని కట్టిన షెడ్డు, ఏదైనా పనికొస్తుంది. బేస్‌మెంటు మాత్రం ఆలోచించి ఎంచుకోండి. ఇప్పుడు మెట్ల మీదుగా మోయగలిగినదాన్ని రేపు మోయలేరు. గ్యారేజీలో పెడితే ఇక అందులో కారు స్టార్టు చేయకూడదు, కారు పొగలోని కార్బన్ మోనాక్సైడు తాబేలునూ వదలదు. పెద్ద సల్కాటా చలికాలమంతా తిరగడానికి ఎనిమిదడుగులకు ఎనిమిదడుగుల చోటు కనీసం. అంతకు రెట్టింపు ఇవ్వగలిగితే చాలా మంచిది, ఇది రోజంతా నడిచే జంతువు.

ఆ పెద్ద చోటులో ఒక మూల పడక పెట్టె కట్టాలి. అసలు పని ఇక్కడే ఉంది. నాలుగడుగులకు ఆరడుగులు వైశాల్యం, రెండడుగుల పైచిలుకు ఎత్తు ఉంటే చాలు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య రెండంగుళాల మందం ఫోమ్ బోర్డు పెట్టి గోడలు, పైకప్పు, అడుగు కూడా అలాగే చేయాలి. చాలామంది గోడలకు ఫోమ్ పెట్టి అడుగు వదిలేస్తారు. కాంక్రీటు నేల పొట్ట కింద నుంచి వేడిని లాగేస్తూనే ఉంటుంది కాబట్టి అడుగే ముఖ్యం. ఫోమ్ ఎక్కడా బయటికి కనిపించకూడదు. కనిపిస్తే తాబేలు కొరుకుతుంది, మింగుతుంది, అది పేగుల్లో అడ్డం పడుతుంది. నేల మీద గుర్రపుశాలల్లో పరిచే రబ్బరు చాప వేస్తే కాళ్లు జారవు. వాకిలికి మందపాటి ప్లాస్టిక్ పట్టీలు వేలాడదీస్తే తాబేలు తోసుకుని వెళ్లివస్తుంది, వేడి లోపలే ఉంటుంది. పైకప్పుకు బందులు పెట్టి తెరుచుకునేలా చేయడం మరవకండి. లోపల శుభ్రం చేయాలన్నా, తాబేలును పలకరించాలన్నా అదే దారి.

ఇక వేడి. కొత్తవాళ్లకు ముందుగా తట్టేది పైన ఒక ఎర్రదీపం వేలాడదీయడం. పిల్ల తాబేలుకు అది సరిపోవచ్చు. పెద్దదానికి చేటు చేస్తుంది. రెండడుగుల పొడవున్న డిప్ప మీద దీపం వేడి ఒక చిన్న వృత్తంలోనే పడుతుంది. ఆ చోట డిప్ప మెల్లగా కాలుతుంటుంది, అదే సమయంలో పొట్టకు, కాళ్లకు చలి వదలదు. ఒంట్లోకి వేడి చేరలేదు కాబట్టి తాబేలు దీపం కింద నుంచి లేవదు. అలా వారాల తరబడి ఉంటే డిప్ప నడిమిన తెల్లబడి, పొరలు లేచి, కింద ఎముక దాకా దెబ్బతింటుంది. ఇన్‌ఫ్రారెడ్ ఉష్ణోగ్రత తుపాకీతో డిప్ప పైభాగాన్ని, ముందుకాలి చర్మాన్ని విడివిడిగా కొలిచి చూడండి. రెంటికీ మధ్య పెద్ద తేడా ఉంటే మీ ఏర్పాటు తప్పు.

సరైన పద్ధతి పెట్టెలోని గాలంతా ఒకే వెచ్చదనంలో ఉండటం. నూనె నింపిన చిన్న రేడియేటర్ హీటరు ఒక గోడ పక్కన పెట్టి, తాబేలు దాన్ని నెట్టకుండా చుట్టూ చెక్క కంచె కట్టండి. ఈ జంతువు ఎదురొచ్చిన దేన్నయినా నెట్టుకుంటూ పోతుంది. ఇంకో వైపు పైకప్పుకు వెడల్పాటి రేడియంట్ హీట్ ప్యానెల్ బిగించవచ్చు. పందిపిల్లల కొట్టాల కోసం తయారుచేసే గట్టి హీట్ మ్యాట్లు వ్యవసాయ సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. అలాంటిది ఒకటి నేలలో కొంత భాగానికి మాత్రమే పరిస్తే, వేడి ఎక్కువనిపించినప్పుడు పక్కకు జరగడానికి చోటుంటుంది.

ప్రతి హీటరుకూ థర్మోస్టాట్ తప్పనిసరి. దాని సెన్సార్ హీటరు పక్కన పెడితే వేడి సరిపోయిందనుకుని ముందే ఆగిపోతుంది, పైన పెడితే పైకి చేరిన వేడిగాలిని కొలుస్తుంది. తాబేలు పడుకునే ఎత్తులో, హీటరుకు దూరంగా, కాళ్లకు అందకుండా బిగించాలి. రాత్రంతా 80 డిగ్రీల ఫారన్‌హీట్ (27 సెల్సియస్) దగ్గర ఉంచండి. 70 (21) కన్నా కిందికి పడనివ్వకండి. 60 (16) కిందికి పోతే ప్రమాదంలో పడ్డట్టే.

హీటర్లు రెండు పెట్టండి, రెండు వేర్వేరు సర్క్యూట్ల మీద. మొదటిది 80కి, రెండోది 75కి సెట్ చేయాలి. మామూలు రోజుల్లో రెండోది ఊరకే కూర్చుంటుంది. మొదటిది చెడిపోయిన రాత్రి అదే ఆదుకుంటుంది. మినియాపొలిస్‌లో జనవరి రాత్రి సున్నా సెల్సియస్‌కు పది పన్నెండు డిగ్రీలు కింద ఉండటం మామూలే కాబట్టి, ఒక్క హీటరును నమ్ముకుని నిద్రపోవద్దు. లోపలి ఉష్ణోగ్రత పడిపోతే ఫోనుకు అలారం పంపే వైర్‌లెస్ థర్మామీటరు ఒకటి కొనండి, మొత్తం సామగ్రిలో ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. ప్లగ్ పాయింట్లు షాక్ కొట్టకుండా ఆగిపోయే జీఎఫ్‌సీఐ రకానివి కావాలి. ఎండుగడ్డి ఉన్న చోట వేడి దీపం వాడకండి. ఒక్క క్లిప్పు ఊడినా నిప్పంటుకుంటుంది.

మూడో అడుగు: వెలుతురు

ఎముకకు, డిప్పకు కాల్షియం పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది తయారవడానికి ఎండలోని యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం దగ్గర పడుకుంటే ఒంటికి వెచ్చగా ఉంటుందేగానీ ఆ పని జరగదు. కాబట్టి చలికాలమంతా పెద్ద గదిలో సరీసృపాల కోసం చేసిన టీ5 యూవీబీ ట్యూబ్ లైటు, రోజుకు పన్నెండు గంటల టైమరుతో వెలగాలి. ఎంత ఎత్తున బిగించాలో ట్యూబ్ పెట్టె మీద ఉంటుంది, ఆ ఎత్తు డిప్ప పైనుంచి లెక్క. వెలుగుతున్నట్టే కనిపించినా యూవీబీ తగ్గిపోతుంది గనుక ఏడాదికొకసారి మార్చండి. పడక పెట్టెలో మాత్రం దీపం వద్దు, అక్కడ చీకటే ఇష్టం.

నాలుగో అడుగు: నీళ్లు

ఎడారి జంతువుకు నీళ్లెందుకని వదిలేసేవాళ్లు మూత్రాశయంలో రాయి కోసే ఆపరేషన్ దాకా వెళ్తారు. హీటర్లు తిరిగే గదిలో గాలి పొడిబారిపోతుంది, తాబేలు ఒంట్లో నీరు రోజూ తగ్గుతుంటుంది. వారానికి రెండుసార్లయినా గోరువెచ్చని నీళ్లలో అరగంట కూర్చోబెట్టాలి. చిన్నదైతే ప్లాస్టిక్ టబ్బు, పెద్దదైతే సిమెంటు కలిపే వెడల్పాటి తొట్టి. నీళ్లు గడ్డం కిందికి వచ్చేంతే, అంతకన్నా ఎక్కువ పోయకూడదు. చల్లారుతుంటే వేడినీళ్లు కలుపుతూ ఉండండి.

ఆ అరగంట పక్కనే కూర్చుని చూడండి. మొదట అటూ ఇటూ గోడలను గీకుతుంది. కాసేపటికి కుదురుకుని, మెడ సాచి, ముక్కు మునిగేలా తల నీళ్లలో పెడుతుంది. గొంతు కింది చర్మం లయగా ఎగసి పడుతుంటే తాగుతోందన్నమాట. ఆ తర్వాత చాలాసార్లు వెనకనుంచి తెల్లటి ముద్ద ఒకటి నీళ్లలోకి వస్తుంది. అది తాబేలు మూత్రంలోని యూరేట్. చేతి తొడుగు వేసుకుని వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా జారిపోతే ఒంట్లో నీరు సరిపడా ఉంది. ఇసుక తగిలినట్టు గరగరలాడితే నీళ్లు చాలడం లేదు, ఇక రోజూ నానబెట్టాలి. కొన్ని రోజులైనా గరుకు తగ్గకపోతే డాక్టరు దగ్గరికే.

ఒళ్లు తడిగా ఉన్నప్పుడు చల్లటి చోటికి పంపకండి. బాగా తుడిచి, వెచ్చటి పెట్టెలోకి చేర్చాకే తలుపు వేయండి. తడి, చలి రెండూ కలిసి తగిలితే నెమ్ము తప్పదు.

పిల్లను పెంచుతున్నవాళ్లు గాలిలో తేమ కూడా చూసుకోవాలి. 2003లో వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల మీదే చేసిన అధ్యయనంలో, పొడిగాలిలో పెరిగినవాటి డిప్ప గుబ్బలు గుబ్బలుగా లేచిందని, ఆ గుబ్బలకు తిండిలో మాంసకృత్తుల కన్నా గాలిలో తేమ తక్కువవడమే పెద్ద కారణమని తేలింది. ఒకసారి వచ్చిన గుబ్బ మళ్లీ పోదు. తడిపిన కొబ్బరి పీచు పొట్టు పరిచి, మూత ఉన్న గూట్లో పెంచితే తేమ నిలుస్తుంది.

అయిదో అడుగు: తిండి

గడ్డి. ఎండాకాలం పెరట్లో పచ్చగడ్డి, చలికాలం ఎండుగడ్డి. తిమోతి, ఆర్చర్డ్ రకాల గడ్డి కట్టలు గుర్రాల మేత అమ్మేచోట కొనుక్కోవచ్చు. పచ్చగడ్డికి అలవాటు పడ్డ తాబేలు మొదట ఎండుగడ్డి వైపు తిరిగి చూడదు. కత్తెరతో అంగుళం ముక్కలుగా తరిగి, నీళ్లలో తడిపి, దానికిష్టమైన ఆకులో కలిపి పెట్టండి. వారం వారం ఆకు తగ్గిస్తూ గడ్డి పెంచితే దారికొస్తుంది.

మన ఊళ్ల నాగజెముడు సల్కాటాకు చక్కటి మేత. అమెరికాలో మెక్సికన్ దుకాణాల్లో ముళ్లు తీసిన దాని మట్టలు నోపాలెస్ పేరుతో ఏడాది పొడుగునా దొరుకుతాయి. పాలు కారే జెముళ్లు వేరు, అవి విషం. మందార ఆకులూ పూలూ పెట్టవచ్చు. మల్బరీ చెట్టు అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో కంచెల వెంట దానంతటదే మొలుస్తుంది. మందులు కొట్టని చెట్టు చూసుకుని జూలైలో ఆకు కోసి, నీడన ఎండబెట్టి, బస్తాల్లో నింపి పెట్టుకోండి. జనవరిలో ఎండుగడ్డి మీద ఆ ఆకు నలిపి చల్లితే చాలు, తాబేలు పెట్టె లోంచి లేచి వస్తుంది. మజూరీ లాంటి తాబేటి పెల్లెట్లు నానబెట్టి వారానికొకసారి ఇస్తే ఖనిజాల లోటు ఉండదు.

మన వంటింట్లోంచి మాత్రం ఏమీ పెట్టకండి. అన్నం, పప్పు, చపాతీ, అరటిపండు ప్రేమతో పెట్టినా దాని పేగుల్లోని సూక్ష్మజీవులు గడ్డి అరిగించడానికే ఉన్నాయి, పిండిపదార్థం, తీపి పడితే అవి తారుమారవుతాయి. పాలకూర, తోటకూర, గోంగూరల్లోని ఆక్సలేట్ కాల్షియంను పట్టేసుకుంటుంది. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి ఉన్న రోజుల్లో ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. పెరట్లో తిరిగే ప్రాణికి చేతికందింది పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఆరో అడుగు: రోజువారీ చూపు

పొద్దున్నే పెట్టె మూత తీసి థర్మామీటరు చూడండి, తర్వాత ముక్కు చూడండి. రంధ్రాలు పొడిగా ఉండాలి. ఊపిరి వదిలినప్పుడు ఒక్క బుడగ కనిపించినా, నోరు తెరిచి మెడ సాచి గాలి పీలుస్తున్నా, ఈల లాంటి చప్పుడు వస్తున్నా అది ఊపిరితిత్తుల జబ్బు. తాబేలుకు దగ్గు రాదు, కఫం బయటికి తోసేయలేదు, కాబట్టి ఆలస్యం పనికిరాదు. వెంటనే పెట్టె వేడి 85కి పెంచి డాక్టరుకు ఫోన్ చేయండి. మనుషుల యాంటీబయాటిక్ సొంతంగా వేయకండి. రాత్రి హీటరు ఆగి చల్లబడిపోయిన తాబేలు కనిపిస్తే కంగారులో వేడినీళ్లలో ముంచవద్దు. గది వేడిని కొద్దికొద్దిగా పెంచుతూ కొన్ని గంటల్లో మామూలుకు తేవాలి, ఒళ్లు వెచ్చబడేదాకా తిండి పెట్టకూడదు. లోపల అరగని తిండి కుళ్లుతుంది.

నెలకొకసారి బరువు రాసిపెట్టండి. తాబేలును తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లల చేతులు దగ్గరుండి కడిగించాలి. వంటింటి సింకులో దాని టబ్బు కడగవద్దు.

కరెంటు పోతే

మంచు తుఫానుకు కరెంటు పోవడం వింతేమీ కాదు. ఫోమ్ సరిగా పట్టించిన పెట్టె వాకిలిని దుప్పట్లతో కప్పేస్తే కొన్ని గంటలు వెచ్చదనం నిలుపుకుంటుంది. వేడినీళ్లు నింపి గుడ్డ చుట్టిన సీసాలు లోపల పెట్టండి. జనరేటరుంటే ఇంటి బయట, తలుపులకు దూరంగా నడపాలి. లోపల బొగ్గుల కుంపటి, ప్రొపేన్ స్టవ్ వెలిగించడం మీకూ దానికీ ప్రాణాంతకం. ఎక్కువసేపు పోయేట్టుంటే పొగగొట్టం ఉన్న గ్యాస్ ఫైర్‌ప్లేసో, కట్టెల పొయ్యో ఉన్న ఇంటికి తరలించాలి. దానికోసం సామాన్లు జరిపే చక్రాల పలక ఒకటి అందుబాటులో ఉంచుకోండి. దాని మీద ఒక చెక్క దిమ్మ బిగించి, తాబేలు కాళ్లు నేలకు తగలని ఎత్తున కూర్చోబెడితే ఒక్క మనిషే నెట్టుకెళ్లగలడు. ఆ ఇల్లు ఎవరిదో, వాళ్లు ఒప్పుకున్నారో లేదో అక్టోబరులోనే మాట్లాడుకోవాలి.

వసంతం వచ్చాక

ఏప్రిల్‌లో ఎండ కనిపించగానే బయటికి వదలాలనిపిస్తుంది. గాలి 70 డిగ్రీలు ఉన్నా నేల ఇంకా మంచులా ఉంటుంది, పొట్ట ఆనేది నేల మీదే. మొదటి రోజుల్లో మధ్యాహ్నం గంటసేపు, గాలివాటు లేని ఎండ చోట వదిలి, ఉష్ణోగ్రత తుపాకీతో ముందుకాలి చర్మాన్ని కొలుస్తూ ఉండండి. 75 కిందికి జారుతుంటే లోపలికి తెచ్చేయాలి. కంచె అవతలి వైపు కనిపించకుండా పలకలతో కట్టాలి, వెలుతురు కనిపించే కంచెను తోస్తూనే ఉంటుంది. పక్కింటివాళ్లు పచ్చికకు కలుపు మందు కొడితే ఆ అంచున మేయనివ్వకండి. మే నెలలో రాత్రులు కూడా పెట్టె బయటే ఉంచవచ్చునని అనిపించినా తొందరపడవద్దు. సాయంత్రం కాగానే లోపలికి నడిపించి, తలుపు మూసి, హీటరు ప్లగ్గులో ఉందో లేదో చూసుకోవాలి. ఉత్తరాది ఊళ్లలో జూన్ మధ్య దాకా థర్మోస్టాట్ తీసేయకండి, సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ పరీక్షించి చూసుకోండి.